దండీలు, బస్కీలు, చాపంత చోటు

తెల్లవారకముందే అరలీటరుకు కాస్త తక్కువగా నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతబట్టి కసరత్తు చేసేవాడు శ్రీకృష్ణదేవరాయలు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టిన సంగతి ఇది. తాగిన నూనెంతా చెమటగా కారిపోయేదాకా రాయలు కత్తి తిప్పేవాడు. ఆపైన ఒక మల్లుడితో కుస్తీ, చివరగా తెల్లారేదాకా గుర్రపు స్వారీ. అంత సంపన్న సామ్రాజ్యాన్ని ఏలినవాడు చేతబట్టింది మట్టి బరువులు!

జిమ్ముకు నెలనెలా డబ్బు కట్టలేక, అపార్ట్‌మెంటు హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య చాప పరుచుకునేవాళ్లు తమది గతిలేక చేసుకున్న సర్దుబాటని అనుకుంటారు. నిజానికి మన నేల మీద కసరత్తు ఎక్కువ కాలం నడిచింది ఆ దారినే. అంగడి సామాను తర్వాత వచ్చింది.

కుస్తీ, కసరత్తు నేర్పే పాత తాలింఖానాల్లో మెత్తగా తవ్విన మట్టి గోదా, ఒక మూల ఆంజనేయుడి పటం, గోడకు ఆనించిన ముద్గరాలు, రాతిగుండ్లు ఉండేవి. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. కానీ పహిల్వాను ఒంటికి పునాది వేసినవి ఇవి కాదు, దండీలూ బస్కీలూ.

దండీకి మనిషి నిలువుపాటి నేల చాలు. చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, నడుము పైకెత్తి మొదలుపెడతారు. మోచేతులు మడుస్తూ, ఛాతీ నేలకు తగిలీ తగలకుండా ముందుకు జారి, తల పైకెత్తుతారు. మళ్లీ నడుము వెనక్కి లేపి మొదటి చోటికి వస్తారు. ఈ ఒక్క ఊపులో భుజాలు, ఛాతీ, వెన్ను, తొడల వెనక కండరాలు అన్నీ కదులుతాయి. బస్కీకి అంత చోటు కూడా అక్కర్లేదు, నిలబడ్డచోటే కూర్చుని లేవడం. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసే గుంజీళ్లు దీనికి దగ్గరి చుట్టాలే. బళ్లో ఎక్కం తప్పినవాడి చేత పంతులుగారు తీయించేవీ అవే. ఇంత మేలు చేసే కసరత్తును శిక్షగా వాడి, పిల్లలకు దానిమీద విరక్తి పుట్టించడం బళ్లు చేసిన పెద్ద నష్టం.

కాళ్ల సత్తువ ఎంత దూరం తీసుకెళ్తుందో గామా పహిల్వాను కథ చెబుతుంది. 1888లో జోధ్‌పూర్‌లో బస్కీల పోటీ పెడితే, నాలుగు వందల మందికి పైగా పహిల్వాన్ల నడుమ పదేళ్ల గామా చివరి పదిహేను మందిలో నిలిచాడనీ, ఆ వయసు చూసి మహారాజు అతణ్నే విజేతగా ప్రకటించాడనీ కుస్తీ లోకం చెప్పుకుంటుంది. 1910 సెప్టెంబరులో లండన్‌లో పేరుమోసిన మల్లుడు జిబిస్కో అతనికి చిక్కకుండా రెండు గంటలకు పైగా నేల కరుచుకునే గడిపాడు.

మన వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆపైన సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకునేవారు. జనం కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. చూసినవాళ్లు చెప్పుకున్నది ఏనుగు గురించే. ఆ ఛాతీని తయారుచేసిన దండీల గురించీ, ప్రాణాయామం గురించీ కూడా అంతే చెప్పుకోవాల్సింది.

కసరత్తు అంగడి సరుకైంది యూజిన్ శాండో కాలంలో. ప్రష్యాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఈ బలశాలి స్ప్రింగులు బిగించిన డంబెల్స్, సాగే పట్టీలు, వాటితో పాటు పుస్తకాలు అమ్మాడు. 1904-05లో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఆ సరుకు కొన్నవారిలో సతారా దగ్గరి చిన్న సంస్థానం ఔంధ్ రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి ఒకరు.

ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఆయనదే. ఆయన శాండో సామానంతా తెప్పించుకుని పదేళ్ల పాటు నిష్ఠగా సాధన చేశారు. కొనలేక మానినవారు కాదు, కొని, వాడి, పక్కన పెట్టినవారు. 1908 ప్రాంతంలో మిరజ్ రాజు ప్రోద్బలంతో సూర్యనమస్కారాలకు మారారు. దండీలాంటి కదలికనే మధ్యలో ఇముడ్చుకుని, పది అంచెలుగా సాగే ఆ వరస ఆయనకు ఎంత నచ్చిందంటే, తన సంస్థానంలోని బళ్లన్నిటిలో దాన్ని పెట్టించారు. తాలింఖానా గడప మగవాళ్లకే పరిమితమైన రోజుల్లో ఆయన ఇంట రాణి కూడా నమస్కారాలు చేసేవారు. ఇంట్లో చేసుకునే కసరత్తు ఆడవాళ్లకు తెరిచిన తలుపు ఇది. దీన్ని ఎంత చెప్పుకున్నా తక్కువే. 1938లో నమస్కారాల మీద ఆయన పుస్తకం ఇంగ్లీషులో లండన్‌లోనూ అచ్చయింది.

బెంగళూరులో హెర్క్యులిస్ జిమ్ నడిపిన కె.వి. అయ్యర్ జిమ్ముకు రాలేని దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకునేలా పోస్టులో పాఠాలు పంపేవారు.

ఇదే అవసరం మరో దేశంలో వైమానిక దళానికి వచ్చింది. 1950ల చివర్లో కెనడా వైమానిక దళం కోసం బిల్ ఆర్బన్ ఏ సామానూ లేకుండా 11 నిమిషాల్లో ముగిసే అయిదు కసరత్తులు రూపొందించాడు. జిమ్ము వసతి లేని మారుమూల స్థావరాల్లో ఉన్నవాళ్లూ చేయగలగాలన్నది ఉద్దేశం. ఎంత దృఢంగా ఉన్నా అట్టడుగు మెట్టు నుంచే మొదలుపెట్టాలనీ, వయసును బట్టి మెల్లగా పైకి వెళ్లాలనీ నియమం పెట్టాడు. మొదటిరోజే ఒళ్లు హూనం చేసుకుని మూడోరోజు మానేసేవారికి ఇంతకంటే మంచి నియమం లేదు. స్త్రీల కోసం 12 నిమిషాల వరస విడిగా వచ్చింది.

2020 మార్చిలో మన దేశంలో కోవిడ్ లాక్‌డౌన్ పెట్టినప్పుడు జిమ్ములన్నీ మూతపడి, ఆగస్టు దాకా తెరుచుకోలేదు. ఆ నెలల్లో నీళ్ల సీసాలు డంబెల్స్ అయ్యాయి, పుస్తకాలు కుక్కిన బ్యాగులు బరువులయ్యాయి.

అపార్ట్‌మెంటులో కొత్తగా మొదలుపెట్టేవారు గామాలా పోటీల జోలికి పోనక్కర్లేదు. గోడకు చేయి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టుకోవడం తొలి మెట్టు. అయిదారుతో మొదలుపెట్టి, పది తేలిగ్గా వచ్చాక వంటింటి గట్టు మీద, తర్వాత కదలని మంచం అంచు మీద, ఆపైన నేల మీద చేయవచ్చు. బస్కీలకు వెనక ఒక గట్టి కుర్చీ వేసుకోవాలి. పిరుదులు కుర్చీకి తగలగానే లేవాలి. మడమలు నేల మీదే ఉంచితే మొదట్లో నిలకడ దొరుకుతుంది. దూకడం, గెంతడం ఉండదు కనుక కింది ఇంటివాళ్లు పైకి వచ్చి తలుపు తట్టరు. నేల నున్నటి టైల్స్ అయితే చాప జారుతుంది, కాబట్టి చాప తీసేసి వట్టి నేల మీద ఉత్త కాళ్లతో చేయడమే మేలు. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి, ముఖ్యంగా తల కిందికి వంచే దండీ విషయంలో.