వరి ఆకు తుప్పు, జింకు కథ

1967లో సాగర్ కుడి కాలువకి నీళ్లొదిలాక మన నల్లరేగడిలో వరి మడులు పెరిగాయి. అంతకుముందే హిమాలయాల కింద తరాయి ప్రాంతంలో వరి ఆకులు తుప్పురంగు తిరిగి పైరు గిడసబారేది. అంతా తెగులనుకున్నారు. 1966లో పంత్‌నగర్ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె అది జింకు లోపమని తేల్చారు. సున్నం ఉన్న నల్లనేల, నిలవనీరు, అతిగా వేసే డీఏపీ నేలలో ఉన్న జింకుని కూడా పైరుకి అందనివ్వవు.

తర్వాత వైద్యం విత్తనం దాకా వచ్చింది. పాకిస్తాన్ రైతుల పొలాల్లో మొక్కజొన్న గింజల్ని జింకు సల్ఫేట్ నీళ్లలో నానబెట్టి విత్తితే దిగుబడి పెరిగిందని 2007లో శాస్త్రవేత్తలు రాశారు. అయితే విత్తనానికి పట్టించేది మొలకకి తొలి ముద్ద మాత్రమే, దానితో నేల లోపం తీరదు. అందుకే వరికి ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయమంటారు. డీఏపీతో మాత్రం కలపొద్దు. ఆకు తుప్పురంగు తిరిగితే పురుగుమందుల కొట్టుకి వెళ్లేముందు భూసార పరీక్ష కాగితం ఒకసారి చూడండి.