కొక్కెమునకు తోడు ఉచ్చు

హైదరాబాదు సైబర్ టవర్స్ పరిసరములలో ఉద్యోగుల సంచులను మూయు ‘వెల్క్రో’ పట్టీ కథ ముండ్లకాయతో మొదలైనది. 1941లో స్విట్జర్లండు ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చునకు అంటుకొన్న కాయలను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. మన మరులమాతంగి కాయకువలెనే వాని ముండ్లకొనలు కొక్కెములై యుండెను. ప్రత్తినూలు కొక్కెములు అరిగిపోగా, పరారుణ కిరణముల వేడిమికి గట్టిపడిన నైలాను నిలిచెను. 1955లో అమెరికా పేటెంటు లభించెను.

కొక్కెమునకు పట్టు కావలయును గదా! కుక్కబొచ్చు చేసిన పనిని పట్టీ రెండవవైపున నూలు ఉచ్చులు చేయును. మొదట వీనిని మగ్గముపై నేసిరి. తరువాత అల్లికయంత్రముపైనను చేయసాగిరి. ఈ పడుగు అల్లికలో ప్రతి సూదికిని వేరు పోగు అందును. అదనపు పోగును పలు సూదులమీదుగా పొడవుగా సాగించి, తీగకుంచెలతో పైకి లేపుదురు. అవియే ఉచ్చులు.

పాత పట్టీ పట్టు సడలినచో కొక్కెములనే గాక, తెగిన ఉచ్చులనుగూడ భూతద్దముతో చూడుడు.