బయటికి వెళ్ళలేని అంతరిక్ష గడియారం

రాత్రి పదింటికి ఆన్‌సైట్ వాళ్ళతో కాల్. న్యూయార్క్‌లో ఉన్నాయనకి అప్పుడు పొద్దున్న పదకొండున్నర, లండన్లో టెస్టింగ్ అమ్మాయికి సాయంత్రం నాలుగున్నర. ఇది చలికాలం లెక్క, ఎండలొస్తే మళ్ళీ మారుతుంది. మూడు ఊళ్ళకే మనకింత తలనొప్పి అయితే, గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తూ రోజుకి పదహారు సూర్యోదయాలు చూసేవాళ్ళ సంగతేంటి? వాళ్ళు ఏ ఊరి టైము పెట్టుకోవాలి?

షటిల్ రోజుల్లో నాసా వాళ్ళు దీనికి చేసిన పని మనలాంటి వాళ్ళకి భలే నచ్చుతుంది. ఊళ్ళ గొడవ వదిలేసి, రాకెట్ లేచిన క్షణాన్ని సున్నా అనుకుని అక్కణ్ణుంచి లెక్కపెట్టారు. మిషన్ ఎలాప్స్‌డ్ టైమ్, పొట్టిగా ఎమ్ఈటీ. యునిక్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కేసినట్టే అన్నమాట. దీనివల్ల ప్రయోగం రెండు రోజులు వాయిదా పడ్డా పనుల పట్టిక అంతా తిరగరాయక్కర్లేదు. "లేచిన నాలుగు గంటలకి ఫలానా పని" అని రాసుకున్నది అలాగే ఉంటుంది, సున్నా ఒక్కటే జరుగుతుంది.

ఈ లెక్కని చేతికి కట్టుకునేలా చేసిందే ఒమేగా వాళ్ళ స్పీడ్‌మాస్టర్ ఎక్స్-33. థామస్ స్టాఫర్డ్ లాంటి వ్యోమగాముల సలహాలు తీసుకుని తయారుచేశారు. 1998 మార్చిలో హ్యూస్టన్‌లో విడుదల చేస్తూ, మీర్ స్టేషన్‌లో ఉన్నవాళ్ళతో లైవ్‌లో మాట్లాడించారు కూడా. టైటానియం కేసు, లోపల క్వార్ట్జ్, ముళ్ళ వెనకాల ఎల్సీడీ తెర. ఎమ్ఈటీ, యూనివర్సల్ టైమ్, అలారాలు అన్నీ అందులోనే. నాకు బాగా నచ్చింది అలారం. వ్యోమనౌకలో ఫ్యాన్ల మోతకి మామూలు వాచీ కూత వినపడదు కదా, అందుకని వెనకమూత రెండు పొరలుగా చేసి, పై పొరకి చిల్లులు పెట్టి, శబ్దాన్ని 80 డెసిబెల్స్ దాకా తీసుకెళ్ళారు.

అన్నీ బానే ఉన్నాయి. కానీ ఈ అంతరిక్ష గడియారం నౌక తలుపు దాటి బయటికి వెళ్ళలేదు!

కారణం ఆ తెరే. స్టేషన్ బయట ఎండపట్టున 121 డిగ్రీల సెల్సియస్, నీడలో మైనస్ 157. ఎల్సీడీలో ఉండేది ద్రవ స్ఫటికం. బాగా చల్లబడితే బిగుసుకుపోతుంది, బాగా వేడెక్కితే తెర నల్లబడుతుంది. అందుకే స్పేస్‌వాక్‌కి నాసా ఆమోదం ఉన్నది ఇప్పటికీ పాత స్పీడ్‌మాస్టర్‌కే, అంటే రోజూ చేత్తో కీ ఇవ్వాల్సిన వాచీకి.

దాని పరీక్షల కథ చదివితే మన క్యూఏ వాళ్ళ మీద కోపం పోతుంది. 1964లో జేమ్స్ రేగన్ అనే నాసా ఇంజనీరు కొన్ని కంపెనీల వాచీలు తెప్పించి, 71 డిగ్రీల్లో రెండు రోజులు, ఆపైన 93 డిగ్రీల్లో అరగంట ఉడికించాడు. తర్వాత గడ్డకట్టించడం, 40 జీ దెబ్బలు, శూన్యం, తేమ, 130 డెసిబెల్స్ మోత. రోలెక్స్ ఆగిపోయింది, లాంజిన్ అద్దం వంకరపోయింది. ఒమేగా కూడా కొంచెం అటూ ఇటూ నడిచింది గానీ ఆగలేదు. 1965 మార్చి 1న పాసయింది, ఆ జూన్లోనే ఎడ్ వైట్ చేతి మీద శూన్యంలోకి వెళ్ళింది.

అసలు పరీక్ష మాత్రం 1970 ఏప్రిల్లో వచ్చింది. అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక కరెంటు పొదుపు కోసం దాదాపు అన్నీ ఆపేశారు. దారి సరిచేయడానికి ఇంజను సరిగ్గా 14 సెకన్లు మండాలి. జాక్ స్విగర్ట్ ఆ సెకన్లు చేతి వాచీలో చూసి లెక్కపెట్టాడు. కోడ్ లేదు, బ్యాటరీ లేదు, ఒక స్ప్రింగూ కొన్ని పళ్ళ చక్రాలూ.

అలాగని ఎక్స్-33ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2006లో బజార్లో అమ్మకం ఆపేసినా వ్యోమగాముల చేతుల్లో కొనసాగింది. 2014లో స్కైవాకర్ పేరుతో మళ్ళీ వచ్చింది, ఈసారి ఐరోపా వ్యోమగామి క్లెర్వా పేటెంటు ఆధారంగా. అది నౌక లోపలి పనివాడు, పాతది బయటి పనివాడు, అంతే. స్పెక్ రాసినవాళ్ళకి ఆ తేడా మొదట్నుంచీ తెలుసు, "స్పేస్ వాచ్" అన్న పేరు చూసి పొరబడింది నాలాంటి కొనేవాళ్ళే. పోనీ కొందామంటే, ధర చూశాక నా క్యాసియోయే ముద్దొచ్చింది. జీ-షాక్ డీడబ్ల్యూ-5600ని కూడా నాసా ఒప్పుకుంది లెండి!