గిటారు ధ్వనిలో వాల్వు బఫర్

జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో ఇంగ్లండులో రూపొందించిన రెండు ధ్రువాల వాల్వుకు, 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ గ్రిడ్ అనే మూడో ధ్రువాన్ని చేర్చడంతో, బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచగల ట్రయోడ్ పుట్టింది. రేడియోకు ప్రాణం పోసిన ఈ గాజుబుడ్డే 1930ల నుంచి ఎలక్ట్రిక్ గిటారుకూ గొంతు అయింది.

గిటారు తీగల కింద ఉండే పికప్, అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ, పుట్టించే సంకేతం ఎంత సున్నితమైనదంటే, కేబులు పొడవు పెరిగినా, అవతలి పరికరం కాస్త ఎక్కువ విద్యుత్తు లాగినా, అందులోని పైస్థాయి మెరుపు మొదట మాసిపోతుంది. పికప్ మీద భారం పడకుండా సంకేతాన్ని అందుకొని, దాని పరిమాణాన్ని పెంచకుండానే తరువాతి వలయాన్ని నడిపే సత్తువ ఇచ్చే వలయాన్ని బఫర్ అంటారు. వాల్వుతో కట్టిన బఫర్‌లో గ్రిడ్ మీది కదలికను వాల్వులోని మరో ధ్రువమైన కాథోడ్ వెన్నంటి అనుసరిస్తుంది కనుక దానికి కాథోడ్ ఫాలోయర్ అని పేరు వచ్చింది.

1950ల చివరి ఫెండర్ బాస్‌మన్ ఆంప్లిఫయర్‌లోనూ, దాని నమూనాను అనుసరించి 1960ల తొలినాళ్లలో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45లోనూ ఈ వలయం స్వర నియంత్రణ గుబ్బలకు ముందే ఉంటుంది. ఒకే బుడ్డిలో రెండు ట్రయోడ్‌లున్న 12ఏఎక్స్7 రకం వాల్వులో మొదటి సగం సంకేతాన్ని పెంచి, నడుమ కెపాసిటర్ ఏదీ లేకుండా నేరుగా రెండో సగానికి అందిస్తుంది. వాయిద్యకారుడు తీగను గట్టిగా మీటినప్పుడు ఆ రెండో సగపు గ్రిడ్ తానే విద్యుత్తును లాగడం మొదలుపెట్టడంతో తరంగపు ఒకవైపు శిఖరాలు మెల్లగా గుండ్రబడతాయి. వాల్వు ధ్వనిలోని మెత్తదనంగా వాయిద్యకారులు చెప్పుకొనేదానిలో ఈ గుండ్రదనానికి పెద్ద వాటా ఉంది. నిజానికి కాథోడ్ ఫాలోయర్ స్వభావరీత్యా అత్యంత నమ్మకమైన వలయం. సంకేతం చిన్నదిగా ఉన్నంతవరకు దానిలో ఏ రంగూ కలపదు.

1990ల నుంచి, ముఖ్యంగా 1998లో లైన్ 6 సంస్థ పాడ్ వచ్చాక, ఆంప్లిఫయర్ ప్రవర్తనను లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలర్‌లు వ్యాపించాయి. 2001 నాటి వాక్స్ వాల్వెట్రానిక్స్ ఆ లెక్కల వెనుక నిజమైన 12ఏఎక్స్7ను నిలిపితే, మోడలర్ ముందు వాల్వు బఫర్ పెట్టుకునేవారు నిజమైన వాల్వు కావాలన్న అదే కోరికను మరో చివర నుంచి తీర్చుకుంటారు. పొడవాటి కేబులు వల్ల పోయే మెరుపును బఫర్ కాపాడటం నిస్సందేహం, అయితే అందుకు దాన్ని కేబులుకు ముందు, గిటారు దగ్గరే ఉంచాలి. మెత్తదనం మాత్రం వాల్వును దాని హద్దుల దాకా నెట్టినప్పుడే వస్తుంది. మోడలర్‌లో బాస్‌మన్ నమూనాను ఎంచుకుంటే సంకేతం రెండు కాథోడ్ ఫాలోయర్‌లను దాటుతుంది: ఒకటి వేడెక్కి ఎర్రగా వెలిగే గాజుబుడ్డి, రెండోది అంకెలలో దాని ప్రతిరూపం.