పద్దెనిమిది నిండాక ఎవరు చూస్తున్నారు?

పత్తి దిగుబడి వచ్చే నెలల్లో ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద మార్కెట్ యార్డుకు వెళ్లే లారీలు, ట్రాక్టర్లు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, మంత్రాలయం పోయే కార్లు అన్నీ కలిసే నడుస్తాయి. ఆ స్టీరింగులు పట్టినవాళ్ల చూపును చివరిసారి ఎవరు పరీక్షించారు? వందేళ్లకు పైబడిన మన మోటారు చట్టాలు తిరగేస్తే, బండి నడపడం మొదలుపెట్టే వయసు గురించి ఉన్న పట్టుదల ఆ తర్వాతి సంవత్సరాల గురించి లేదని తెలుస్తుంది. 18 ఏళ్లు నిండనివారు బహిరంగ స్థలంలో మోటారు నడపరాదని 1914 చట్టమే చెప్పింది. ఆ గీత నేటికీ ఉంది.  1939 చట్టం రెండో షెడ్యూలు చదవదగ్గది. నంబరు ప్లేటు మీద ఉండేటంత అక్షరాలనూ అంకెలనూ పగటి వెలుతురులో 25 గజాల దూరం నుంచి గుర్తుపట్టలేనివారికి, రేచీకటి ఉన్నవారికి లైసెన్సు లేదు. ప్రయాణికుల బండి నడిపేవారికి ఎరుపు, ఆకుపచ్చ తేడా కూడా తెలియాలి. ఎన్నేళ్లున్నాయన్న దానికంటే ఎంత కనిపిస్తోందన్నదే ముఖ్యమని ఆ షెడ్యూలు రాసినవారు గ్రహించారు. నా వాదనకు ఆధారం అదే.

1988 చట్టం సొంత బండి లైసెన్సుకు 20 ఏళ్లు లేదా 50 ఏళ్ల వయసు, ఏది ముందైతే అంతవరకు గడువిచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. 2019 సవరణతో 30 లోపు లైసెన్సు పొందినవారికి 40 నిండేదాకా గడువుంది. అంటే 18కే తీసుకున్నవారిని 22 ఏళ్లపాటు ఎవరూ అడగరు. అద్దె బండ్ల లైసెన్సు గడువు సైతం మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. గడువు దాటి ఏడాదైతే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెట్టాలన్నది అదే సవరణలోని మంచి మాట, అంతకుముందు ఐదేళ్లదాకా వెసులుబాటు ఉండేది. కానీ సమయానికి రెన్యూవల్ చేయించుకునేవారికి ఆ పరీక్ష లేదు. 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు కనిపిస్తుందా అన్న పాత ప్రశ్న ఇప్పటి దరఖాస్తులోనూ ఉంది, జవాబు మాత్రం దరఖాస్తుదారే రాసుకుంటారు. నలభై దాటితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. 2021లో ఆధార్‌తో ఇంటి నుంచే చేసుకోగల సేవల్లో రెన్యూవల్ కూడా చేరింది కనుక, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుటికి రాకుండానే పని అయిపోవచ్చు.

ఈ ప్రాంతానికి అంతకన్నా ముఖ్యమైన మలుపు కోర్టులో వచ్చింది. 7,500 కిలోలకు మించని అద్దె బండిని మామూలు తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. బతుకుతెరువు కోణంలో, బీమా తగాదాల కోణంలో అది న్యాయమైన తీర్పు. అయితే దాని పర్యవసానంగా పదిమందిని చేలకు చేర్చే బండి నడిపే మనిషి ఐదేళ్లకోసారి జరిగే వైద్య పరీక్ష పరిధి దాటిపోయాడు. ఆ ఖాళీని పార్లమెంటు పూడ్చాలి.

ప్రమాదాలు చేసేది కుర్రాళ్లు కదా, పెద్దవాళ్ల వెంట పడడమెందుకని అడుగుతారు. కుర్రాళ్ల దూకుడు నిజమే. మైనరుకు బండి ఇచ్చిన పెద్దలకు 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 2019 సవరణ చెప్పింది కూడా. దాన్ని అమలు చేయాలి. కానీ ఒక చివర కాపలా ఉందని రెండో చివర వదిలేయలేం. అలాగని గరిష్ఠ వయోపరిమితి పెట్టమని నేననను. అరవై దాటినా చక్కగా నడిపేవారున్నారు, నలభై ఐదుకే శుక్లాలు కమ్మినవారూ ఉన్నారు. జపాన్‌లో 75 దాటినవారికి రెన్యూవల్ సమయంలో జ్ఞాపకశక్తి, అవగాహన పరీక్షిస్తారు, కొన్ని రకాల ఉల్లంఘనలు చేసినవారికి 2022 నుంచి డ్రైవింగ్ పరీక్ష కూడా పెడుతున్నారు. లైసెన్సు లాక్కునే ముందు మనిషిని చూడడం అక్కడి పద్ధతి.

పరీక్షల కోసం పల్లెల నుంచి ఎవరు తిరుగుతారన్నది మరో అభ్యంతరం. 25 మీటర్ల దూరంలో ఒక ప్లేటు నిలబెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనూ, ఆదోని యార్డులోనూ వారానికో రోజు పెట్టవచ్చు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం జీవనోపాధి. దీనికి మన ఆర్టీసీ చరిత్రలోనే జవాబుంది. రంగులు గుర్తించలేని డ్రైవరుకు వేరే కొలువు ఇవ్వాలని సంస్థకూ కార్మికులకూ మధ్య 1979 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. వర్ణాంధత్వం పేరుతో ఇంటికి పంపేసిన ఒక డ్రైవరు కేసులో ఆ ఒప్పందాన్ని సుప్రీంకోర్టు 2025లో నిలబెట్టింది. ఆటోవాలాకు అలాంటి సంస్థ వెనక లేదు, నిజమే. అయితే అతని చూపు మందగించడానికి సాధారణంగా కారణం అద్దాలతోనో శుక్లాల ఆపరేషన్‌తోనో సరయ్యేదే. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ పథకం కింద ఆ ఆపరేషన్ ఉచితం. పరీక్షలో తప్పినవారి పేరు నేరుగా కంటి డాక్టరుకు వెళ్లాలి, ఆపరేషనై కట్టు విప్పాక చూపు సరిపోతే అదే లైసెన్సు రుసుం లేకుండా తిరిగి చేతికి రావాలి.