మెదక్ బండి నాందేడ్ దాకా ఎందుకు పోవాలె?

మొన్న మెదక్ స్టేషన్‌ల కూసున్నప్పుడు ఒక పెద్దమనిషి అడిగిండు, "ఈ బండి బాసర పోతదా బిడ్డా?" అని. "పోదు పెద్దయ్యా, ఇది హైదరాబాద్ దిక్కు పోయేది. బాసరకు కామారెడ్డి పోయి ఎక్కాలె" అన్న. "పట్టాలైతే అటే ఉన్నయ్ గదా" అన్నడు. ఆ మాట మీదనే ఈ పోస్టు. జర పొడుగుంటది, ఓపికతో చదవుండ్రి.

మన అక్కన్నపేట మీదుగా పోయే లైన్ నిజాం కాలం నాటిది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే అనేటోళ్లు. 1899–1901 మధ్య వేసిండ్రు. హైదరాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్, బాసర, నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా దాదాపు 390 మైళ్లు, మీటర్ గేజ్. మన్మాడ్‌లో బొంబాయి పోయే పెద్ద లైన్ కలుస్తది. గేజ్ వేరు కాబట్టి మరాఠ్వాడా పత్తి బేళ్లను అక్కడ దించి, మళ్లీ పెద్ద బండ్లకు ఎక్కించాల్సి వచ్చేది.

ఆ లైన్ మెదక్‌కు 17 కిలోమీటర్ల అవతల నుంచే పోయింది. 1924 డిసెంబర్ 25న మన చర్చి ప్రారంభమైన నాటికి ఊరికి రైలు లేదు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచి ప్రధాని అయిన నాటికీ లేదు.

అసలు మాట 1956ది. అప్పటిదాకా నాందేడ్, పర్భణి, ఔరంగాబాద్, బీదర్ అన్నీ మనతోపాటు ఒక్క హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. భాషల లెక్కన రాష్ట్రాలు చేసినప్పుడు మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయినయ్. బీదర్ జిల్లాలో ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ మన మెదక్ జిల్లాలకు వచ్చినయ్. పట్టాలు ఉన్నకాడనే ఉన్నయ్, సరిహద్దు వచ్చి వాటి మీద పడ్డది. మన రోజువారీ బండి అంతర్రాష్ట్ర బండి అయ్యింది.

కానీ చుట్టరికాలు తెగుతయా? ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ దిక్కు ఇండ్లల్ల ఇప్పటికీ తెలుగు మాట్లాడుతరు. మా మేనత్తను ధర్మాబాద్ దిక్కే ఇచ్చిండ్రు. పెండ్లికో చావుకో పోవాలంటే మెదక్‌ల బస్సెక్కి కామారెడ్డిల దిగి, రైలు కోసం చూసుడే.

మెదక్–అక్కన్నపేట లైన్ 2012–13లో మంజూరైంది. ఖర్చులో సగం కేంద్రం, సగం రాష్ట్రం. మొత్తం 200 కోట్లు దాటింది. భూములు పోయింది మాత్రం మన రైతులయి. 2022 సెప్టెంబర్ 23న కాచిగూడ ప్యాసింజర్ మొదలైంది. సంతోషమే. కానీ 17 కిలోమీటర్ల కోసం 120 ఏండ్లు ఆగినోళ్లం, ఒక్క దిక్కు బండితోనే సరిపెట్టుకోవాల్నా?

ఇన్నేండ్లు కొత్త బండి అడగాలంటే అడ్డం వచ్చింది సింగిల్ లైన్. ఎదురుబండి కోసం ఒకటి స్టేషన్‌ల నిలబడాలె. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు పోయినంకనే ప్యాసింజర్ వంతు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కు ఒప్పుకున్నది, రెండూ కలిపి దాదాపు 418 కిలోమీటర్లు. ముద్ఖేడ్ నాందేడ్ పక్కనే. రెండో పట్టా పడితే జాగ దొరుకుతది. ఆ జాగ ఎవరికి ఇయ్యాలో తేలకముందే మనం అడగాలె. మెదక్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్, బాసర మీదుగా నాందేడ్‌కు రోజూ ఒక ప్యాసింజర్. పటాన్‌చెరు–ఆదిలాబాద్ కొత్త లైన్ మాట కూడా ఎన్నో ఏండ్ల నుంచి వింటున్నం. అది వచ్చేదాకా ఇదే మనకు దగ్గరి దారి.

ఇంకొకటి మర్చిపోవద్దు. 2014 జులై 24న మాసాయిపేట కాడ, కాపలా లేని గేటు మీద స్కూల్ బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. పసిపిల్లలు పోయిండ్రు. అదీ ఈ లైన్ మీదనే. బండ్లు పెరిగితే గేట్లు బందయితయ్, అండర్‌పాస్‌లు వస్తయ్. హార్వెస్టర్ పట్టని అండర్‌పాస్, వానకు నడుం లోతు నీళ్లు నిలిచే అండర్‌పాస్ మనకొద్దు. పొలం అటుపక్క, ఇల్లు ఇటుపక్క ఉన్నోళ్లకు ఈ బాధ తెలుసు. ఎత్తు ఎంత, నీళ్లు పోయే దారి ఎటు అని పని మొదలుగాక ముందే అడగాలె. అయిపోయినంక అడిగితే వినేటోడు ఉండడు.

అందుకే ఈసారి గ్రామసభల రెండు తీర్మానాలు రాయిద్దాం. ఒకటి నాందేడ్ బండి, రెండోది హార్వెస్టర్ పట్టే అండర్‌పాస్. మీ ఊరికాడ గేటు ఏదో, పొలాలు ఎటున్నయో కింద రాయుండ్రి. అన్నీ ఒక్కకాడ జమ చేసి పట్టుకపోదాం.