‘సెక్రటరీ’ నవల – పాఠకాభిప్రాయ భేదాలు: కణేకల్ సీమ నుంచి ఒక పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో విశేష పాఠకాదరణ పొందిన ప్రేమకథా నవలల్లో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ముందు వరుసలో నిలుస్తుంది. 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వెలువడిన ఈ నవల, పుస్తకరూపంలో అనేక ముద్రణలు పొందింది. 1976లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో, అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ ప్రధానపాత్రధారులుగా చలనచిత్రమయింది. ఇంతటి ఆదరణతో పాటు ఇంతటి అభిప్రాయభేదాన్ని మూటగట్టుకున్న నవలలు అరుదు. ఆత్మాభిమానం గల యువతి కథగా దీనిని గుండెకు హత్తుకున్నవారు ఒకవైపు, మధ్యతరగతి స్త్రీలను పగటికలల్లో ముంచిన కాలక్షేప రచనగా తోసిపుచ్చినవారు మరొకవైపు నిలిచారు.

సాహిత్యచరిత్ర ఈ రెండు అభిప్రాయాలను సమానంగా చూడలేదు. తోసిపుచ్చినవారి మాట ‘విమర్శ’గా నమోదయింది. ఆదరించినవారి మాట ‘వ్యామోహం’గా మిగిలిపోయింది. ఈ రెండు పఠనాలూ నిజంగా ఒకే విషయంపై తీర్పు చెబుతున్నాయా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. కోస్తా నగరాలలో, హైదరాబాదులో రూపుదిద్దుకున్న ఈ వాదాన్ని అనంతపురం జిల్లా పశ్చిమ సరిహద్దులోని కణేకల్ వంటి మెట్టసీమ ఊరి నుంచి చూసినప్పుడు, ఉభయపక్షాలూ గమనించని మూడవ అంశం ఒకటి బయటపడుతుంది.

నవల, దాని కాలం

సులోచనారాణి 1940లో కృష్ణాజిల్లా కాజ గ్రామంలో జన్మించి, 2018లో మరణించారు. ‘సెక్రటరీ’ నాటికి తెలుగు నవలా రంగంలో రచయిత్రుల ప్రాభవం స్పష్టంగా కనిపిస్తోంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది. రంగనాయకమ్మ, లత, ద్వివేదుల విశాలాక్షి, మాదిరెడ్డి సులోచన తదితరులు విరివిగా రాస్తున్నారు. 1950–75 మధ్యకాలపు తెలుగు రచయిత్రులపై నిడదవోలు మాలతి ప్రత్యేక అధ్యయనమే చేశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాయడం, స్త్రీ స్వరానికి పత్రికల్లో ఏర్పడిన గిరాకీకి తార్కాణం.

ఈ ప్రాభవానికి ఆధారమైన పాఠకలోకం ఎంతటిదో గుర్తుంచుకోవాలి. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి సుమారు 12 మంది మాత్రమే. వారికి పుస్తకం చేరే మార్గాలు ఆ దశాబ్దంలోనే విస్తరించాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖలు, వారపత్రికలు, మాసపత్రికలు, ఎమెస్కో వంటి ప్రచురణ సంస్థల చౌక ప్రతులు, పట్టణాలలో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు అందుకు తోడ్పడ్డాయి. కనుక ‘సెక్రటరీ’ పాఠకురాళ్ళలో అనేకులు తమ కుటుంబంలో కాలక్షేపానికి చదవగలిగిన తొలితరం స్త్రీలు. బడి పుస్తకం కాని పుస్తకాన్ని, ఇంట్లో మరొకరు ఎంచి ఇవ్వని పుస్తకాన్ని తామే కోరి చదవడం వారికి కొత్త అనుభవం. ఈ నవల గురించిన చర్చలో ఈ అంశానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

కథాసూత్రం సులభమైనది. బామ్మ సంరక్షణలో పెరిగిన జయంతి చదువుకున్న మధ్యతరగతి యువతి. ‘వనితా విహార్’ అనే స్త్రీల సంస్థ ద్వారా ఆమెకు సంపన్నుల లోకంతో పరిచయం కలుగుతుంది. ఆపై రాజశేఖరం అనే ధనికుని వద్ద సెక్రటరీగా చేరుతుంది. ఇద్దరి మధ్య ఆకర్షణ ఉంది. దానికి అడ్డుగా ఆమె అభిమానం, అతని హోదా, లోకం మాట నిలుస్తాయి. అపార్థాలు, ఎడబాటు గడిచిన తరువాత కథ వివాహంతో ముగుస్తుంది.

విమర్శకుల అభ్యంతరం

అభ్యుదయ, విప్లవ సాహిత్య దృక్పథాల వెలుగులో 1970లలో బలపడిన విమర్శ, ఈ తరహా నవలలపై మూడు ప్రధాన అభ్యంతరాలు చెప్పింది. మొదటిది వర్గస్వభావానికి సంబంధించినది. ఆరడుగుల అందగాడు, కారు, మేడ వంటి సామగ్రితో నాయకుణ్ణి తీర్చడం వల్ల, సంపద ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మరుగునపడుతుందని వారి వాదం. రెండవది పరిష్కారానికి సంబంధించినది. యజమాని, ఉద్యోగిని మధ్య గల అసమానతను పెళ్ళి రద్దు చేసినట్లు చూపడం వాస్తవాన్ని వంచించడమే. మూడవది ప్రభావానికి సంబంధించినది. ఈ నవలలు చదివిన యువతులు తమ జీవితంలోకీ ఒక రాజశేఖరం వస్తాడని ఎదురుచూస్తూ, ఎదుట ఉన్న జీవితాన్ని నిరసిస్తారని భయపడ్డారు.

మొదటి రెండు అభ్యంతరాలకు పాఠంలో ఆధారం ఉంది. అదే కాలంలో రంగనాయకమ్మ ‘పేకమేడలు’, ‘బలిపీఠం’ నవలల్లో వివాహాన్ని ముగింపుగా కాక సమస్యగా చూపించారు. ఆ పక్కన పెట్టి చూస్తే ‘సెక్రటరీ’ ముగింపు అడగవలసిన ప్రశ్నల వద్ద ఆగిపోతుందన్నది కాదనలేని మాట. మూడవ అభ్యంతరం మాత్రం వేరు రకానిది. అది పాఠం గురించిన పరిశీలన కాదు, పాఠకురాలి గురించిన ఊహ. చదివేవారికి కథకూ బతుకుకూ తేడా తెలియదన్న భావన దాని అడుగున ఉంది. జానపద నవలల్లోని వీరుణ్ణి, అపరాధ పరిశోధన నవలల్లోని డిటెక్టివును చదివిన పురుష పాఠకుని విషయంలో ఇంతటి ఆందోళన వ్యక్తం కాకపోవడం గమనార్హం.

పాఠకురాలి పఠనం

నవలను ఆదరించినవారు తరచుగా చెప్పే కారణం ముగింపు కాదు, జయంతి నడత. ఆమె జీతం తీసుకుంటుంది, కానుక తీసుకోవడానికి వెనుకాడుతుంది. యజమాని మాటకు మాట చెబుతుంది. తన మర్యాదకు లోటు వచ్చిందనుకున్నప్పుడు అతని ప్రాపకాన్ని వదులుకొని దూరంగా వెళుతుంది. విమర్శకుడు చివరి పుటనుంచి వెనక్కి చదివి నవలకు అర్థం నిర్ణయిస్తే, పాఠకురాలు మొదటి పుటనుంచి ముందుకు చదివి అందులో తనకు కావలసినది ఏరుకుంది. ధారావాహికగా చదివినవారి విషయంలో ఇది మరింత నిజం. నెలకొక భాగం చొప్పున చదివిన కాలమంతా జయంతి పెళ్ళికూతురు కాదు, ఉద్యోగిని. ముగింపు తెలియని ఆ నెలల్లోనే పాత్రపై మమకారం స్థిరపడింది.

ఈ అంశాన్ని బలపరిచే పోలికలు ఇతర సాహిత్యాల్లో ఉన్నాయి. షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ 1847లో వెలువడింది. అందులోనూ నాయిక జీతానికి పనిచేసే యువతి, నాయకుడు ఆమె యజమాని. 1848 డిసెంబరులో ఎలిజబెత్ రిగ్బీ రాసిన సమీక్ష ఆ నాయికను అణకువ లేనిదిగా, మతవిరుద్ధ స్వభావం గలదిగా నిందించింది. ఇంగ్లండులో మితిమీరిన ధిక్కారంగా కనిపించిన కథాచట్రమే, నూట ఇరవై ఏళ్ళ తరువాత తెలుగునాట మితిమీరిన లొంగుబాటుగా కనిపించింది. జీతం, అభిమానం, ప్రేమ అనే మూడింటినీ ఒకే స్త్రీలో కలిపిన కథ ఏ కాలంలోనైనా తీర్పరులను ఇబ్బంది పెడుతుందని దీనివల్ల తెలుస్తుంది. 1984లో జానిస్ రాడ్వే అమెరికాలోని ప్రేమనవలల పాఠకురాళ్ళతో మాట్లాడి చేసిన అధ్యయనంలో, వారికి కథ ఎంత ముఖ్యమో, ఇంటిపని నుంచి తమకంటూ కొంత సమయం తీసుకొని చదవడం అనే చర్య కూడా అంతే ముఖ్యమని తేలింది. పుస్తకం ఏమి చెప్పిందన్నదానితో పాటు, పుస్తకం చేతబట్టడం ఏమి సాధించిందన్నది కూడా పఠనచరిత్రలో భాగమే.

అయితే పాఠకురాలి పక్షం వహించడమంటే నవలను నిర్దోషిగా ప్రకటించడం కాదు. నాయకుని సంపదను ప్రశ్నించకుండానే జయంతి అభిమానాన్ని ఇష్టపడవచ్చు. ఈ రెండూ ఒకే పాఠంలో ఉన్నాయి. వివాదం ఎడతెగకపోవడానికి కారణం, ఒక పక్షం ముగింపుకు తీర్పు చెబుతుంటే మరొక పక్షం నడతకు సాక్ష్యం చెబుతుండడమే.

కణేకల్ నుంచి చూస్తే

ఈ వాదం ఇంతవరకు నగర మధ్యతరగతి పరిధిలోనే సాగింది. దాని హద్దులు కణేకల్ వంటి ప్రాంతం నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. కణేకల్ ఉన్న రాయదుర్గం ప్రాంతం 1953 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది అనంతపురం జిల్లాలో చేరింది. ఒకవైపు తుంగభద్ర ఎగువ కాలువ నీటితో నిండే చెరువు, దాని కింద వరిమళ్ళు ఉన్నాయి. మరొకవైపు వేదవతి (హగరి) ఇసుక మేటలు వేసిన పొలాలు, వానను నమ్ముకున్న వేరుశనగ చేలు ఉన్నాయి. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

ఇక్కడినుంచి చూసినప్పుడు మొదట తట్టేది భాష. ‘సెక్రటరీ’లోని ప్రేమ కోస్తా మధ్యతరగతి శిష్టవ్యావహారికంలో మాట్లాడుతుంది. కన్నడం కలిసిన మాటతీరు గల సరిహద్దు సీమకు ఆ భాష పత్రికలు, నవలల ద్వారా చేరింది. అలా ప్రేమను చెప్పడానికి తగిన భాష తమది కాదన్న భావనకు ఆ నవలలు తావిచ్చాయి. అదే సమయంలో సరిహద్దుకు ఆవల మరొక నమూనా ఉంది. కన్నడ రచయిత్రి త్రివేణి (1928–1963) నవల ‘బెళ్ళిమోడ’ను 1967లో పుట్టణ్ణ కణగాల్ చిత్రంగా తీశారు. ఆస్తి తనకు రాదని తెలిసి పెళ్ళికి వెనుదీసినవాడు తరువాత తిరిగి కోరినప్పుడు, అందులోని ఇందిర అతణ్ణి నిరాకరిస్తుంది. ఇంచుమించు ఒకే కాలపు జనప్రియ నవలల్లో ఒకటి అభిమానాన్ని వివాహంలో ముగిస్తే, మరొకటి నిరాకరణలో ముగించింది. జనప్రియ ప్రేమకథకు సుఖాంతం తప్పనిసరి అనీ, పాఠకురాలు అంతకుమించి సహించదనీ చెప్పే వాదం ఈ పోలిక ముందు నిలవదు.

రెండవది, ప్రధానమైనది, పని. నగర పాఠకురాలికి జయంతిలో కొత్తదనం ఇల్లు దాటి సంపాదించడం. మెట్టసీమలో అది కొత్త కాదు. కలుపు తీయడం, వేరుశనగ పీకడం, కాయలు వలవడం కూలికి చేసే స్త్రీల పనులే. అందువల్ల జయంతిలోని విశేషం సంపాదన కాదు, మర్యాదకు భంగం కలిగినప్పుడు పని వదిలి వెళ్ళగలగడం. కరువు సీమలో కూలిపని చేసే స్త్రీకి అవమానం ఎదురైనా మరునాడు అదే గట్టుపై నిలబడక తప్పదు. వాన లేని ఏడు ఆ పనీ దొరకక వలస పోవలసి వస్తుంది. జయంతి అభిమానానికి ఆమె చదువు, కులవర్గ నేపథ్యం, నగరంలో మరో ఆశ్రయం దొరికే వీలు ఆధారం. ఈ ఆధారాన్ని ఆదరించినవారు గమనించలేదు, అది ఉన్నదేనని అనుకున్నారు. నిరసించినవారూ నాయకుని సంపదను లెక్కపెట్టారే కాని, నాయిక నిరాకరణకు గల ఆర్థిక పునాదిని లెక్కపెట్టలేదు.

అనంతపురం జిల్లా కథకులు తరువాతి దశాబ్దాలలో వేసిన దారి ఈ లోటును ఎత్తిచూపుతుంది. సింగమనేని నారాయణ కథలు, చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ వంటి రచనల్లో నేల, నీరు, కులం, అధికారం ప్రధానాలు. అక్కడ ప్రేమకథ కేంద్రంలో ఉండదు. ఈ సాహిత్యం ‘సెక్రటరీ’ తరహా నవలలు చూడని జీవితాన్ని చూపింది. కాని అభిమానం గల స్త్రీ తన పనినీ తన ప్రేమనూ తానే ఎంచుకోవాలని కోరుకోవడం అనే విషయాన్ని అది అంత విస్తారంగా చేపట్టలేదు. కరువు సాహిత్యానికి ప్రేమ చిన్న విషయమనీ, ప్రేమనవలకు కరువు అక్కరలేని విషయమనీ రెండు పాయలు విడిపోయాయి. కరువు సీమలో ఉంటూ ప్రేమనవల చదివే స్త్రీ ఈ రెండు పాయల నడుమ చరిత్రకు అందకుండా ఉండిపోయింది.

ముగింపు

‘సెక్రటరీ’పై అభిప్రాయభేదం అభిరుచుల తగాదా కాదు. ముగింపును చూసి తీర్పు చెప్పిన విమర్శ నవలలోని వర్గస్వభావాన్ని సరిగానే పట్టుకుంది, చదివినవారిని మాత్రం తక్కువగా అంచనా వేసింది. నడతను చూసి ఆదరించిన పాఠకురాలు నవలలోని విలువను సరిగానే గుర్తించింది, ఆ విలువ కొందరికే అందుబాటులో ఉందన్న సంగతి ఆమెకు నవల చెప్పలేదు. నిరాకరించగలిగే శక్తి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న ప్రశ్నను కణేకల్ వంటి మెట్టసీమ ముందుకు తెస్తుంది. ‘బెళ్ళిమోడ’ ఆ ప్రశ్నను సంపన్న కుటుంబపు యువతి విషయంలో వేసింది. కూలి స్త్రీ విషయంలో వేసే ప్రేమనవలకు తెలుగులో చోటు ఇంకా మిగిలే ఉంది.

జనప్రియ నవలల చరిత్రను రాయవలసిన తీరును కూడా ఇది సూచిస్తుంది. ముద్రణల లెక్క, విమర్శకుల తీర్పు మాత్రమే ఆధారాలుగా సరిపోవు. శాఖా గ్రంథాలయాల పద్దు పుస్తకాలు, పత్రికల లేఖల శీర్షికలు, నేడు వృద్ధాప్యంలో ఉన్న ఆ తొలితరం పాఠకురాళ్ళ జ్ఞాపకాలు కూడా సాహిత్యచరిత్రకు మూలసామగ్రి. నగరాలలోనే కాక సరిహద్దు మెట్టగ్రామాలలోనూ ఈ సామగ్రిని సేకరించే పనికి వ్యవధి ఎక్కువగా లేదు. 1960లలో ఇరవై ఏళ్ళున్న పాఠకురాళ్ళు ఇప్పుడు ఎనిమిది పదుల దరిదాపు వయసులో ఉన్నారు.